పాదిరి ఇంట పురుడు

తెలుగు ఊళ్లలో పాస్టరుగారు అనగానే అమ్మగారూ, ప్రార్థనాలయం పక్కనే ఒక ఇల్లూ, ఆ ఇంటి పిల్లలూ కలిసే గుర్తుకు వస్తారు. కథోలిక విచారణకు, అంటే ఒక గురువు బాధ్యతలో ఉండే ఊరికో ఊళ్ల సముదాయానికో పెద్దగా ఉండే ఫాదరుకు సంసారం ఉండదనీ, లూథరన్, బాప్తిస్టు వంటి ప్రొటెస్టెంటు సంఘాల పాస్టరుకు ఉంటుందనీ క్రైస్తవేతరులకు సైతం తెలిసిన సంగతే. ఇంతగా అలవాటైపోయిన ఈ గృహస్థ పాదిరి, మధ్యయుగాల నిషేధం తరువాత పశ్చిమ ఐరోపాలో మళ్లీ బాహాటంగా నిలబడి సుమారు ఐదు వందల ఏళ్లే అయింది. ప్రసంగం రాసుకొనే బల్లా, పక్క గదిలో పురిటిమంచమూ ఒకే కప్పు కింద ఇమడడానికి ఆ మొదటి తరంలో ఏమి జరిగిందో చూస్తే, ఆ ఏర్పాటు బరువును నిజానికి ఎవరు మోశారో కూడా తేటపడుతుంది.

లాటిన్ ఆచారాన్ని పాటించే పశ్చిమ సంఘంలో గురువుల పెళ్లిళ్లను అరికట్టే ప్రయత్నాలు చాలా పాతవే అయినా, 11వ శతాబ్దంలో పోపు ఏడవ గ్రెగరీ కాలపు సంస్కరణలతో అవి బిగుసుకొని, 1139లో రోములో జరిగిన రెండవ లాటరన్ మహాసభ గురుపట్టం పొందినవాడి పెళ్లి అసలు పెళ్లే కాదని తీర్మానించడంతో ఒక కొలిక్కి వచ్చాయి. ఆ తీర్మానం పెళ్లిళ్లను ఆపింది గాని కాపురాలను ఆపలేకపోయింది. జర్మన్, స్విస్ పల్లెలలో గురువు ఇంట వంటమనిషి పేరుతో ఉన్న స్త్రీయే ఆయన బిడ్డల తల్లి అన్నది చాలాచోట్ల ఊరందరికీ తెలిసిన రహస్యం. కొన్ని మేత్రాసనాలలో, అంటే బిషప్పు పాలన కింది మండలాలలో, అలాంటి గురువు దగ్గర జరిమానా కట్టించుకొని, బిడ్డ పుడితే మరికొంత సొమ్ము రాబట్టుకొని ఊరుకొనేవారు. ఒక పనిని నిషేధించి, మళ్లీ దాని మీదే రాబడి తీసే ఈ పద్ధతి సంస్కరణవాదుల చేతికి మంచి ఆయుధాన్ని ఇచ్చింది. దెబ్బ తిన్నది మాత్రం పిల్లలు: చట్టం దృష్టిలో వారు అక్రమ సంతానం, తాము గురువులు కాదలిస్తే ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకోవలసినవారు. యూరపు అంతటా పేరు మోగిన పండితుడు ఎరాస్మస్ అలా గురువుకు పుట్టినవాడే.

1521లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌కు దగ్గరలోని కెంబర్గ్ పాదిరి బార్తొలొమేయస్ బెర్న్‌హార్డీ పెళ్లి చేసుకోవడంతో కట్టు తెగింది. జూరిక్‌లో ఉల్రిఖ్ త్స్వింగ్లీ 1522లో మరికొందరు గురువులతో కలిసి పెళ్లికి అనుమతి కోరుతూ బిషప్పుకు విన్నపం పంపి, ఆ ఏడాదే గుట్టుగా కాపురం పెట్టి, 1524 ఏప్రిల్‌లో పదిమంది ఎదుట పెళ్లి చేసుకొంటే, జూలై నెలాఖరుకు ఆయనకు కూతురు పుట్టింది. నెలలు లెక్కపెట్టడం జూరిక్ వాసులకు ఎవరూ నేర్పనక్కరలేదు. విట్టెన్‌బర్గ్‌లో సంస్కరణకు నాయకుడైన మార్టిన్ లూథర్ 1522లోనే దాంపత్య జీవితం గురించి ఒక చిన్న పుస్తకం వెలువరించి, పసిబిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, ఆ పని విశ్వాసంతో చేసినట్లయితే దేవుడూ దేవదూతలూ సంతోషిస్తారని వాదించాడు. మఠవాసపు తపస్సే మోక్షానికి దగ్గరి దారి అని నమ్మిన సమాజంలో ఇది చిన్న మాట కాదు. అయితే అది రాసేనాటికి రచయిత ఇంకా బ్రహ్మచారే కాబట్టి, చేతికి తడి అంటని ధైర్యం అందులో కొంత ఉన్నదని ఒప్పుకోక తప్పదు.

ఆ తడి అంటే రోజు త్వరలోనే వచ్చింది. గ్రిమ్మా పట్టణం దగ్గరి నింబ్‌షెన్ కన్యామఠం నుంచి 1523 ఈస్టరు వేళ, చేపలు సరఫరా చేసే తోర్గౌ వర్తకుడు లెయోన్‌హార్డ్ కొప్పె సాయంతో కొందరు కన్యస్త్రీలు తప్పించుకొని బయటపడ్డారు. వారిలో ఒకరైన కతరీనా ఫాన్ బోరాను లూథర్ 1525 జూన్ 13న పెళ్లాడాడు. ఆయనకు 41 ఏళ్లు, ఆమెకు 26. మఠం విడిచిన సన్యాసికీ సన్యాసినికీ పుట్టేవాడు క్రీస్తు విరోధి అవుతాడని జనంలో ఒక పాత నమ్మకం ఉండేది; అదే నిజమైతే లోకంలో ఇప్పటికే వేలకొలది క్రీస్తు విరోధులు తిరుగుతూ ఉండాలని ఎరాస్మస్ ఎత్తిపొడిచాడు. ఎదురుచూపుల మధ్య 1526 జూన్ 7న కొడుకు హాన్స్ క్షేమంగా పుట్టగా, ఆ రోజే సంఘ ఉపదేశకుడు, అంటే పాదిరికి సహాయంగా ఉండే డీకను, గెయోర్గ్ రోరర్ ఆ పసివాడికి బాప్తిస్మం ఇచ్చాడు. బాలింత సుమారు ఆరు వారాలు గడప దాటకూడదన్నది నాటి ఆచారం గనుక తల్లి ఆ బాప్తిస్మాన్ని చూడలేదు. బిడ్డ తరఫున మాట ఇచ్చే బాధ్యత జ్ఞాన తల్లిదండ్రులది.

లూథర్ ఊరి పాదిరి కాదు. ఆయన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, సెయింట్ మేరీ ఆలయంలో ప్రసంగీకుడు. విచారణ బాధ్యత ఆయన మిత్రుడు యోహాన్నెస్ బుగెన్‌హాగెన్‌ది. 1527 వేసవి చివర ప్లేగు విట్టెన్‌బర్గ్‌లో అడుగుపెట్టి, విశ్వవిద్యాలయం యేనా పట్టణానికి తరలిపోయినప్పుడు ఈ తేడా పనికిరాకుండా పోయింది. వెళ్లిపొమ్మని సాక్సనీ పాలకుడు చెప్పినా లూథర్ కదలలేదు. ప్రాణాంతకమైన రోగం నుంచి పారిపోవచ్చునా అన్న ప్రశ్నకు జవాబుగా ఆయన ఆ రోజులలో ఒక కరపత్రం రాసి, సామాన్యులు వెళ్లిపోవడంలో పాపం లేదనీ, రోగులకు ఆధారమైన పాదిరులూ అధికారులూ మాత్రం తమకు బదులు మరొకరు లేకుండా స్థానం విడవరాదనీ తేల్చాడు. పాదిరి నిలబడడం సరే. నిలబడిన పాదిరికి కడుపుతో ఉన్న భార్యా, ఏడాది దాటిన కొడుకూ ఉంటే వారి మాటేమిటన్నది బ్రహ్మచారి గురువుల యుగంలో బాహాటంగా తలెత్తని ప్రశ్న.

ఆ ఇంటి పరిస్థితి లూథర్ ఉత్తరాలలో దాదాపు రోజువారీగా కనబడుతుంది. ఒకప్పుడు అగస్టీనియన్ సన్యాసుల మఠమైన ఆ పెద్ద భవనం రోగుల గదులతో ఆసుపత్రిలా మారింది; బుగెన్‌హాగెన్ కుటుంబం కూడా అక్కడికే చేరింది; హాన్స్ జబ్బుపడి రోజుల తరబడి ముద్ద ముట్టలేదు. అంతలో పసివాడికి బాప్తిస్మం ఇచ్చిన రోరర్ భార్య హన్నా నిండు గర్భంతో ప్లేగు బారిన పడి, మృతశిశువును ప్రసవించి, నవంబరు 2న తానూ కన్నుమూసింది. ఆ ముందురోజు, తాను పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఖండించిన ఘటనకు పదేళ్లు నిండినట్టు గుర్తు చేసుకొంటూ మిత్రుడు ఆమ్స్‌డోర్ఫ్‌కు రాసిన ఉత్తరంలో, లూథర్ చరిత్రను తలచుకొన్నది ఒక వాక్యంలోనే. తక్కిన భయమంతా రోరర్ భార్య పాట్లు చూసి తన భార్య కాన్పు గురించి కలిగినదే. డిసెంబరు 10న కతరీనాకు ఎలిజబెత్ పుట్టింది. తల్లీ బిడ్డా గట్టెక్కారు, ప్లేగు నెమ్మదించింది. భార్యనూ బిడ్డనూ పోగొట్టుకొన్న రోరర్ మళ్లీ కలం పట్టి లూథర్ ప్రసంగాలను ఎప్పటిలా రాసుకొంటూనే పోయాడు. ఆ ప్రసంగాలలో ఎన్నో ఈనాటికి మిగిలాయంటే అందుకు కారణం ఆయన రాతప్రతులే.

మరుసటి సంవత్సరం మే నెలలో బుగెన్‌హాగెన్ బ్రౌన్‌ష్వైగ్ నగరంలో సంఘ వ్యవస్థను సరిదిద్దడానికి వెళ్లి ఏడాదికి పైగా తిరిగి రాకపోవడంతో, ఊరి పాదిరి పని కూడా లూథర్ మీదే పడింది. దశాజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన వంటి మూలపాఠాలను ఆయన ఆ ఏడాది మూడు విడతలుగా, మే నెలలోనూ, సెప్టెంబరులోనూ, సంవత్సరాంతంలోనూ వరుస ప్రసంగాలలో వివరించాడు. మొదటి విడతకూ రెండవ విడతకూ నడుమ, ఆగస్టు 3న, ఎనిమిది నెలలైనా నిండని ఎలిజబెత్ చనిపోయింది. బిడ్డ చావుకు తండ్రి మనసు ఇంత మెత్తబడుతుందని తాను ఏనాడూ అనుకోలేదని ఆయన ఒక మిత్రుడికి రాశాడు. సెప్టెంబరులో మళ్లీ వేదిక ఎక్కాడు. ఆ ప్రసంగాల నుంచే 1529లో రెండు ప్రశ్నోత్తరి పుస్తకాలు, పాదిరులకు పెద్దదీ, ఇంటి యజమాని తన పిల్లలకూ పనివారికీ చెప్పుకోవడానికి చిన్నదీ, అచ్చయ్యాయి. చిన్న పుస్తకం ప్రశ్నలు అడిగే తీరులో పసిపిల్లలున్న ఇంటి చప్పుడు వినబడుతుందని చెప్పడానికి కష్టపడి ఊహించనక్కరలేదు. ఆ 1529 మే నెలలోనే మూడవ సంతానం మాగ్దలేనా పుట్టింది.

సంఘకార్యం, పసిబిడ్డ అనే రెండు కొసలూ అన్నిటికన్నా విచిత్రంగా ముడిపడినది 1530 వేసవిలో. చక్రవర్తి ఐదవ చార్లెస్ పిలిచిన మహాసభ ఆగ్స్‌బర్గ్‌లో జరుగుతుండగా, 1521 నుంచి బహిష్కృతుడైన లూథర్ అక్కడికి వెళ్లే వీలు లేక, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కోబుర్గ్ కోటలో ఉండిపోయాడు. జూన్ 25న సంస్కరణ పక్షం సభలో చదివిన విశ్వాస ప్రకటనలో 23వ అధికరణం పూర్తిగా గురువుల వివాహాన్ని సమర్థించడానికే కేటాయించారు. దాని వాదనలు చాలావరకు లేఖనాల నుంచి, పాత సంఘ చరిత్ర నుంచి తీసినవి. అదే నెల మొదటివారంలో, బవేరియాలో సంస్కరణ పక్షాన కలం పట్టిన ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్ అనే కులీన గృహిణి కోటకు వచ్చి లూథర్‌ను చూసి వెళ్లింది. ఆమె చెప్పిన సలహాను ఆయన వెంటనే భార్యకు రాసి పంపాడు: ఏడాది దాటిన మాగ్దలేనాకు పాలు మాన్పించదలిస్తే ఒక్కసారిగా ఆపక, ముందు రోజుకు ఒక పూట తగ్గించి, తరువాత రెండు పూటలు, అలా మెల్లమెల్లగా మాన్పించాలట. అధికరణం రాసిన పండితులెవరికీ తట్టని సాక్ష్యం ఈ ఉత్తరంలో ఉంది. కతరీనా అంతకు ముందే బిడ్డ బొమ్మ ఒకటి గీయించి పంపగా, మొదట లూథర్ దాన్ని పోల్చుకోలేక, బిడ్డ మరీ నల్లగా ఉన్నదని అన్నాడనీ, తరువాత భోజనపు బల్ల ఎదుటి గోడకు తగిలించి చూసుకొంటూ మురిసిపోయాడనీ, కోటలో తోడుగా ఉన్న శిష్యుడు వైట్ డీట్రిఖ్ ఆమెకు రాసిన ఉత్తరం వల్ల తెలుస్తోంది. లూథర్ తండ్రి చనిపోయిన కబురు అప్పుడే వచ్చింది కాబట్టి ఆ బొమ్మ ఆయనకు మందులా పనిచేసిందని డీట్రిఖ్ భావం.

ఇదంతా చదివి లూథర్‌ను ఆదర్శ తండ్రిగా నిలబెట్టడం తేలిక, జీవిత చరిత్రకారులు ఆ పని చాలాసార్లు చేశారు కూడా. కాని ఆయన కోటలో ఉన్న ఆ ఐదారు నెలలూ పాలు మాన్పించినదీ, నాలుగేళ్ల హాన్స్‌ను పట్టుకొన్నదీ, వచ్చేపోయే అతిథులకు వండి పెట్టినదీ ఒక్కరే. పెళ్లి సమయంలో పాలకుడు లూథర్ జీతాన్ని 200 గిల్డర్లకు పెంచినా, దానం చేసే చేయి ఆగదు గనుక అది చాలేది కాదు. కతరీనా మఠం గదులను విద్యార్థులకు భోజన సదుపాయంతో సహా అద్దెకిచ్చి, బీరు కాచి, తోటలు పెంచి, పందులనూ ఆవులనూ సాకి, చేపల చెరువు చూసుకొని, 1540లో త్సూల్స్‌డోర్ఫ్ పొలాన్ని కూడా సంపాదించింది. లూథర్ ఆమెను హాస్యంగా దొరగారూ అన్న ధోరణిలో పిలిచేవాడు; ఆ హాస్యంలో లెక్క సరిగ్గానే ఉంది. 1526 నుంచి 1534 వరకు ఎనిమిదేళ్లలో ఆరు కాన్పులు, వాటి నడుమ ఈ వ్యవహారమంతా.

గృహస్థ పాదిరికి పెళ్లి హక్కు సంపాదించిన వ్యవస్థ ఆయన భార్య హక్కుల విషయంలో మాత్రం పాత బాటలోనే నడిచింది. 1542లో లూథర్ సాక్సనీ ఆచారానికి విరుద్ధంగా, భార్యకు సంరక్షకుణ్ణి నియమించకుండా ఆస్తి మొత్తం ఆమె చేతికే రావాలని మరణశాసనం రాసినా, 1546 ఫిబ్రవరిలో ఆయన పోగానే అధికారులు అందులో లోపాలు వెతికారు; పాలకుడు కలగజేసుకొంటే గాని ఆమె హక్కు నిలవలేదు, సంరక్షకులు రాకా తప్పలేదు. మామూలు పాదిరి భార్యకు అలాంటి అండ కూడా లేదు. ఇల్లు సంఘానిది కాబట్టి, భర్త పోతే పసిబిడ్డను ఎత్తుకొని ఇల్లు ఖాళీ చేయాలి. దయ తలచి ఆరు నెలలో, ఏడాదో భర్త రాబడిని ఆమెకు ఇచ్చే ఏర్పాటు క్రమంగా వచ్చింది. ఉత్తర జర్మనీలోనూ డెన్మార్కులోనూ కొత్తగా వచ్చే పాదిరి పాత పాదిరి వితంతువునో కూతురినో పెళ్లాడాలనే ఆచారం అంతకన్నా చౌకైన పరిష్కారమైంది. ఇంగ్లండులో 1559 నాటి ఎలిజబెత్ రాణి ఉత్తర్వులు వధువును బిషప్పూ ఇద్దరు న్యాయాధికారులూ పరీక్షించి ఒప్పుకోవాలన్నాయి.

విట్టెన్‌బర్గ్ పుస్తకం తెలుగుకు చేరడానికి రెండు శతాబ్దాలు పట్టింది. మద్రాసులో పనిచేసి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జె తెనిగించిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చయింది; తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో అది ఒకటి. పుస్తకం తరువాత మనిషి రావడానికి ఇంకొక వంద ఏళ్లు. 1842 జూలై 31న గుంటూరులో దిగి లూథరన్ మిషన్‌ను ప్రారంభించిన హేయర్ అప్పటికి మూడేళ్ల కిందటే భార్యను పోగొట్టుకొన్నవాడు కాబట్టి, లూథరన్ గృహస్థ పాదిరుల సంప్రదాయం తెలుగు నేలకు ఒంటరి మనిషిగానే వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ ఇళ్లలోనూ బయటి ఇళ్లలోనూ కాన్పులు చూసే పని ఆ మిషన్‌లో మొదలైంది 1883లో అన్నా కుగ్లర్ రాకతో. మిషన్ పెద్దలు ఆమెను వైద్యురాలిగా కాక ఘోషా స్త్రీలకు బోధించే పనికి పంపినా, ఆమె చదివిన వైద్యాన్ని వదలక, 1898లో గుంటూరులో స్త్రీలకూ శిశువులకూ ఆసుపత్రి తెరిపించింది. పాదిరి సంసారాన్ని విశ్వాస ప్రకటనలోకి ఎక్కించిన సంఘం, ఆ సంసారంలో అతి ప్రమాదకరమైన ఘడియను గట్టెక్కించే పనిని 1930లో కన్నుమూసేదాకా పెళ్లి చేసుకోని ఒక స్త్రీ చేతిలో పెట్టింది.