ములాఖత్ గేటు బయట: బాలనేరస్థుల హోంల చరిత్ర మీద కొన్ని మాటలు

పిల్లల్ని కన్నవాళ్ల దగ్గర్నుంచి విడదీసి "బాగుచేసే" హక్కు సర్కారుకి ఎక్కణ్ణుంచి వచ్చింది? బాలనేరస్థుల హోంల చరిత్రను మామూలుగా చట్టాల వరసగా చెబుతారు. ఒక్కో చట్టం ముందుదాని కంటే దయగలదని, జైలు నుంచి బడికి, బడి నుంచి ఇంటికి నడుచుకుంటూ వచ్చామని రాస్తారు. మేం ఈ చరిత్రను గేటు బయట నిలబడ్డ తల్లి వైపు నుంచి చదవాలనుకుంటున్నాం. అటునుంచి చూస్తే కథ వేరేగా కనబడుతుంది.

ముందు చట్టాల సంగతి క్లుప్తంగా. 1850 అప్రెంటిస్ చట్టం పేదపిల్లల్ని, చిన్న నేరాల్లో దొరికిన పిల్లల్ని పనివాళ్ల దగ్గర పెట్టమంది. 1876లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం వచ్చింది. 1887లో చెంగల్పట్టులో మద్రాసు రాష్ట్రపు రిఫార్మేటరీ మొదలైంది. 1897 చట్టం ప్రకారం పదిహేనేళ్ల లోపు మగపిల్లవాణ్ణి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా అక్కడ ఉంచొచ్చు. 1919-20 జైళ్ల కమిటీ పిల్లలు జైల్లో ఉండకూడదంది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. దేశంలో ఈ తరహా చట్టాల్లో అదే మొదటిది. కొంచెం పెద్దపిల్లల కోసం 1925లో బోర్‌స్టల్ స్కూళ్ల చట్టం చేశారు. ఇదంతా రికార్డుల్లో శుభ్రంగా దొరుకుతుంది.

ఈ వరసలో చేర్చకుండా పక్కన పెట్టే చట్టం ఒకటుంది. అది నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. రిఫార్మేటరీకి పోవాలంటే పిల్లవాడు ఏదో ఒక తప్పు చేసినట్టు కోర్టు తేల్చాలి. ఇక్కడ ఆ అవసరం కూడా లేదు. ఫలానా తెగలో పుడితే చాలు. ఆ తెగల పిల్లల కోసం పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడులు పెట్టి, తల్లిదండ్రుల నుంచి వేరు చేసి వాటిలో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఈ చట్టం ఇచ్చింది. ఆరేళ్ల పసివాడు కూడా దీని కిందికొస్తాడు. వాడి నేరం వాళ్లమ్మానాన్నా.

మన కోస్తాలోనే స్టువర్టుపురం ఉంది. ఇప్పుడది బాపట్ల జిల్లా. 1913 ప్రాంతంలో ఎరుకల వాళ్లను అక్కడికి చేర్చి, సెటిల్మెంటు నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనుకి ఇచ్చారు. ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా తిరిగి బతికిన వాళ్లకు రైలుబండ్లు వచ్చి ఆ బేరం పోయింది. అడవి చట్టాలతో అడవీ పోయింది. బతుకుదెరువు పోగొట్టినవాళ్లే "వీళ్లు తిరుగుబోతులు" అని ముద్రేశారు. సెటిల్మెంటులో హాజరు పిలుపు ఉండేది. బయటికి పోవాలంటే పాసు కావాలి. చుట్టుపక్కల పొలాలకి, చీరాల పొగాకు కంపెనీకి అక్కణ్ణుంచి చవగ్గా కూలీలు దొరికారు.

అక్కడ బడి పెట్టారు, చదువు చెప్పారు. ఆ మాట మేం కాదనం. అక్షరం ముక్క ఎంత ఖరీదైనదో మాకు తెలుసు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాదే. కానీ ఆ చదువు వెనక ఉన్న నమ్మకం ఏమిటి? "మీ బిడ్డ బాగుపడాలంటే మీకు దూరంగా ఉండాలి" అన్నది. రిఫార్మేటరీల్లో నేర్పిన వృత్తులు చూడండి: వడ్రంగం, నేత, కుట్టుపని, తోటపని. చేతిపని తక్కువని మేం అనడం లేదు, మా తాతలు చేసింది అదే. అయితే ఈ పిల్లవాడు గుమాస్తా కావొచ్చు, పంతులు కావొచ్చు అనే ఊహ ఆ పాఠాల్లో ఎక్కడా లేదు. బాగుపడటమంటే బుద్ధిగా కూలి చేసుకోవడమే.

1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. 1952లో దేశమంతటా పోయింది. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. 1948కల్లా "అలవాటు నేరస్థుల" పేరుతో మద్రాసులోనే ఇంకో చట్టం వచ్చింది. జైళ్ల మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే నియమాలు, విముక్త జాతుల్ని పుట్టు నేరస్థులుగా చూసే మాటలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది.

పిల్లల చట్టాలు మాత్రం బాగా మారాయి. 1986, 2000, 2015 చట్టాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఇప్పటి చట్టం ప్రకారం పిల్లవాణ్ణి ఇరవై నాలుగు గంటల్లోగా బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. పోలీసు లాకప్పులో, జైల్లో పెట్టకూడదు. తల్లిదండ్రులకు కబురు చెయ్యాలి. విచారణ జరిగేటప్పుడు అబ్జర్వేషన్ హోం, తర్వాత అవసరమైతే స్పెషల్ హోం. చదువు, వైద్యం, కౌన్సెలింగు, ఉచిత న్యాయ సహాయం అన్నీ పిల్లల హక్కులు. హోంలో పెట్టడం చిట్టచివరి మార్గం అనీ, కుటుంబానిదే మొదటి బాధ్యత అనీ చట్టమే రాసుకుంది. 1911 నాటి ఆలోచనకు ఇది తలకిందులు. 2015లోనే పదహారు దాటినవాళ్లను ఘోరమైన నేరాల్లో పెద్దవాళ్లలా విచారించే దారి కూడా తెరిచారు. ఆ దారిన ఎవరి పిల్లలు ముందు నడుస్తారో వేరే చెప్పాలా?

ఇక గేటు దగ్గరికి వద్దాం. పరిశోధన పని మీద ఒక హోంకి వెళ్లినప్పుడు వేపచెట్టు కింద కూర్చున్న ఒకామెతో మాట్లాడాం. రాత్రి బస్సెక్కి వచ్చింది. రెండు రోజుల కూలి పోయింది. కవర్లో జంతికలు, ఒక కొత్త చొక్కా. ఆధార్ కార్డులో ఆమె పేరు ఒకలా, పిల్లవాడి కాగితాల్లో తల్లి పేరు ఇంకోలా ఉంది. "మళ్లీ వారం రామ్మా" అన్నారు. "ఆళ్ల తప్పేం లేదయ్యా, మాకే కాయితాలు తెల్వవు" అంది ఆమె. తప్పు తనమీదే వేసుకోవడం ఆమెకు ఎవరు నేర్పారు? వందేళ్లుగా నేర్పుతున్నారు.

మేం సంక్షేమ హాస్టల్లో చదువుకున్నవాళ్లం. మా అమ్మ చూడ్డానికొస్తే వార్డెను గది బయట చెప్పులిడిచి నిలబడేది. హాస్టలూ హోమూ ఒకటి కాదు. కానీ నిలబడటం ఒకటే.

నేరాల లెక్కలు ఏటా పుస్తకంగా వస్తాయి. పట్టుబడిన పిల్లల చదువెంతో, ఎవరి దగ్గర ఉంటున్నారో అందులో ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులతో ఉంటున్నవాళ్లేనని ఆ లెక్కలే చెబుతున్నాయి. అంటే "దిక్కులేని పిల్లలు" అన్నది అబద్ధం. దిక్కు ఉంది, అది గేటు బయట నిలబడి ఉంది. కులం గడి మాత్రం ఆ పట్టికలో కనబడదు.

కాబట్టి మిత్రులకు మా మనవి. ములాఖత్ అనేది దయతో ఇచ్చే గంట కాదు, పిల్లవాడి హక్కు, తల్లి హక్కు. చార్జీలు ఇప్పించమని, పేర్లు కలవలేదని తిప్పి పంపొద్దని అడగాలి. న్యాయ సేవా సంస్థల వకీలు ప్రతి హోంకి వస్తున్నాడో లేదో చూడాలి. టీచర్లు హోం నుంచి తిరిగొచ్చిన పిల్లవాణ్ణి బడిలో చేర్చుకోవాలి. పాత తప్పు వాడి మీద అనర్హతగా ఉండకూడదని చట్టమే అంటోంది. విద్యార్థులు సెటిల్మెంటుల్లో పెరిగిన పెద్దవాళ్ల మాటలు రాసిపెట్టాలి. హాజరు పుస్తకాలు సర్కారు దగ్గరున్నాయి. హాజరు పలికిన గొంతులు మన దగ్గరున్నాయి, అవి ఒక్కొక్కటే పోతున్నాయి.