జేకబ్ కొట్టు

తొలకరి వాన వెలిసిందంటే వజ్రకరూరు చేలల్లో జనం తలలు నేలకేసుకుని తిరుగుతుంటారు. మట్టి కొట్టుకుపోయిన చోట ఒక వజ్రపు మెరుపు కనబడకపోతుందా అని ఆశ. కదిరిలో కూర్చుని ఆ కబుర్లు విన్నప్పుడల్లా నాకు రాయి దొరికినవాడు కాదు, రాయిని అమ్మబోయి కొంప కూల్చుకున్న కొట్టువాడొకడు గుర్తొస్తాడు. పేరు అలెగ్జాండర్ మాల్కం జేకబ్. అతని కొట్టు సిమ్లాలో ఉండేది. అతన్ని ముంచిన బేరం హైదరాబాదుది. 1800లో మన కదిరిని కూడా కలిపి ఈ సీమనంతా కుంపిణీకి రాసిచ్చిన నిజాముల ఇంటి బేరం.

తానెక్కడివాడో జేకబ్ ఎవరికీ ఒకేలా చెప్పలేదు. టర్కీ సుల్తాను ఏలుబడిలోని దియార్‌బకిర్ వైపు పుట్టాడంటారు. ఆర్మేనియన్ అని కొందరు, యూదుడని కొందరు. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయాడని ఇంకో కథ. 1860ల్లో కుర్రవాడుగా బొంబాయిలో ఓడ దిగి, సంస్థానాల్లో కొలువులు చేసి, 1870ల్లో సిమ్లా కొండెక్కాడు. చిన్న ఊరే. కానీ 1864 నుంచి ఎండాకాలమంతా వైస్రాయి కచేరీ అక్కడే. దొరలు, దొరసానులు, వాళ్ల చుట్టూ తిరిగే రాజులు. మాల్ రోడ్డులోని జేకబ్ కొట్టులో బుద్ధ విగ్రహాలు, కత్తులు, తివాచీలు, ఇవన్నీ దాటి లోపలికెళ్తే రత్నాలు. తాను మాత్రం మాంసం, మద్యం ముట్టడు. మంత్రాలు తెలుసన్నారు, సర్కారు గూఢచారి అన్నారు. మారియన్ క్రాఫర్డ్ 1882లో అతన్ని నవల నాయకుణ్ణి చేశాడు. కిప్లింగ్ 1901లో వచ్చిన ‘కిమ్’లో లర్గన్ సాహెబుగా దించాడు. ఇలాంటి పుకార్లు కొట్టుకు గిరాకీ తెస్తాయి. కోర్టు మెట్లెక్కినప్పుడు మాత్రం ‘నువ్వెవరివి?’ అనే మొదటి ప్రశ్నకే పరువు తీస్తాయి.

1891లో జేకబ్ కన్ను ఒక వజ్రం మీద పడింది. దక్షిణాఫ్రికా గనిలో దొరికి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సానపట్టిన రాయి. సుమారు 185 క్యారెట్లు. మన గడ్డ మీద దొరికిన కోహినూరు ఇప్పుడు నూటయిదు చిల్లరే. అంత రాయిని కొనగలిగిన మనిషి అతనికి తెలిసి ఒక్కడే: ఇరవై అయిదేళ్ల ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. లండన్‌లో అంతకంటే బాగా తక్కువకే దక్కుతుందని లెక్క వేసుకుని, జేకబ్ 46 లక్షలకు బేరం కుదిర్చాడు. అందులో సగం, 23 లక్షలు, ముందుగా కట్టాలి. నడుమ మాట నడిపింది నిజాం ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిడ్. అతనూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడే, ఆర్మేనియన్.

సొమ్ము అందింది. అందులో పెద్ద మొత్తం రాయి విడిపించడానికి లండన్‌కు వెళ్లిపోయింది. ఈలోగా హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీలో అలజడి. సంస్థానం అప్పుల్లో ఉంటే 46 లక్షల రాయి ఏమిటని తెల్లదొరలు అడ్డం తిరిగారు. జేకబ్ వజ్రం తెచ్చి చేతిలో పెడితే నిజాం అటూ ఇటూ తిప్పి ‘నాపసంద్’ అన్నాడని చెప్పుకుంటారు. నచ్చలేదు, డబ్బు తిరిగి ఇమ్మన్నాడు. నచ్చితేనే తీసుకుంటానన్నానని నిజాం వాదం, కొంటానని మాటిచ్చాకే సొమ్ము కదిలిందని జేకబ్ వాదం. నాకు జేకబ్ శుద్ధ అమాయకుడనిపించదు. ఎదుటివాడి డబ్బుతోనే ఎదుటివాడికి సరుకు కొనిపెట్టే వ్యాపారం అది. కానీ ఆ రోజుల్లో పెద్ద బేరాలన్నీ అలాగే నడిచేవి. రాజు మనసు మారనంత కాలం దాన్ని ఎవరూ మోసం అనలేదు.

నమ్మకద్రోహం, మోసం అని కలకత్తాలో కేసు పడింది. నిజాం వాంగ్మూలం కోసం హైదరాబాదుకే మనుషులు రావాల్సి వచ్చింది. ఏలికను పట్టుకుని ప్లీడర్లు ప్రశ్నలడగడం దర్బారుకు తలవంపు. ఆ ఏడాది చివర్లో జూరీ జేకబ్‌ను నిర్దోషి అంది.

అసలు నష్టం ఆ తర్వాత మొదలైంది. ప్లీడర్ల ఫీజులకు ఉన్నదంతా కరిగిపోయింది. రాజును బోనెక్కించినంత పని చేసినవాడి గడప ఇంకే రాజు తొక్కుతాడు? చట్టం కూడా ఒకవైపే వాలి ఉంది. నిజాం తరఫున జేకబ్ మీద కేసు పెట్టొచ్చు. జేకబ్ మాత్రం ఏ సంస్థానాధీశుడి మీద బాకీ దావా వేయాలన్నా భారత ప్రభుత్వం అనుమతి ఉండాలి. అరువు మీద బతికే కొట్టుకు అదే ఉరితాడు. తర్వాత కోర్టు బయట రాజీ కుదిరి వజ్రం నిజాంకే చేరింది. జేకబ్ మాత్రం కోలుకోలేదు. కొన్నేళ్లకు సిమ్లా విడిచి బొంబాయి చేరాడు.

ఆబిడ్ దారి వేరు. హైదరాబాదులో కొట్టు పెట్టి, బాగా గడించి, ఇంగ్లండు వెళ్లి స్థిరపడ్డాడు. అతని కొట్టు పేరే మోస్తున్న ఆబిడ్స్ పేట అంటే ఈ రోజుకీ ఆటోవాడు దారి అడగడు.

ఇక జేకబ్ అమ్మిన ఆ రాయిని ఏడో నిజాం తండ్రి జోడు ముందుకొనలో చూశాడనీ, కాగితాల మీద బరువుగా వాడుకున్నాడనీ కథ. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ కలిపి 218 కోట్లకు కొన్నప్పుడు అదీ వాటిలో ఉంది. రిజర్వు బ్యాంకు భద్రతలో ఉన్న ఆ రాయిని జేకబ్ వజ్రమనే పిలుస్తున్నారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు జనం బారులు తీరి చూశారు.

మహబూబ్ అలీ పాషా 1911లో పోయాడు. జేకబ్ ఇంకో పదేళ్లు బతికి, 1921లో బొంబాయిలో పేదవాడుగా చనిపోయాడు. సంస్థానాల నుంచి రావలసిన పాత బాకీలు రాబట్టుకునే దారి అతనికి చివరిదాకా దొరకలేదు.