జోగు బుట్ట దించిన దారి: పాలమూరు జోగినుల విముక్తి చరిత్ర

ఇంట్లో జబ్బులు వదలకపోయినా, మగబిడ్డ పుట్టకపోయినా, ఆడపిల్ల తలలో జడలు కట్టినా ఎల్లమ్మకు మొక్కుకోవడం పాలమూరు పల్లెల్లో ఉండేది. మొక్కు తీర్చడానికి ఊహ తెలియని పిల్ల మెడలో దేవత పేరున తాళి కట్టేవారు. అలా జోగినులైన వారిలో అత్యధికులు మాల, మాదిగ ఇళ్ల ఆడపిల్లలు. బుట్ట ఎత్తుకొని దేవత పేరున జోగు (భిక్ష) అడుక్కోవడం, జాతరలో ఆడటం, శవం ముందు చిందేయడం వారి విధులు. వారి శరీరం మీద పెత్తనం మాత్రం ఊరి పెద్దలది. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండేది కాదు.

నారాయణపేట, మక్తల్, ఊట్కూరు ప్రాంతాలు రాయచూరు, గుల్బర్గా సీమలను ఆనుకొని ఉన్నాయి. 1956 దాకా ఇవన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. సౌందత్తి ఎల్లమ్మ కొలుపు ఉన్న నేల ఇది. ముత్తులక్ష్మీ రెడ్డి దశాబ్దాల పోరాటం ఫలించి జోగినీ ఆచారం ఒక రూపమైన దేవదాసీ వ్యవస్థను నిషేధించే చట్టం మద్రాసులో 1947లో వచ్చినా, నిజాం ఏలుబడిలోని పాలమూరుకు అది వర్తించలేదు.

తెలంగాణలో మార్పుకు తొలి గట్టి అడుగు నిజామాబాద్ జిల్లాలో పడింది. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం ‘సంస్కార్’ సంస్థ ద్వారా జోగినుల మధ్య పనిచేశారు. వారి పునరావాసానికి వర్నిలో ‘చెల్లి నిలయం’ వెలిసింది. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చింది. దేవతకు అంకితం చేయడం చెల్లదనీ, అలా అంకితమైన స్త్రీ చేసుకున్న పెళ్లి చెల్లుతుందనీ అది తేల్చింది.

అయితే చట్టం తాళిని చెల్లదనగలదు గాని, మర్నాటి అన్నం పెట్టలేదు. పాలమూరులో ఆ లోటు పూడ్చింది ఉమ్మడి కృషి. జోగినిగా బతికి బయటపడిన హాజమ్మ వంటివారు జోగినీ వ్యవస్థ వ్యతిరేక పోరాటానికి ముందు నిలిచారు. గ్రేస్ నిర్మల ‘ఆశ్రయ్’ సంస్థ వారికి తోడైంది. ఈ పనిలో ఎవరి పాత్ర వారిదే. జాతరకు ముందే సమాచారం అందితే పోలీసు, తహసీల్దారు తంతును ఆపగలరు. భూమి, ఇల్లు, పింఛను రెవెన్యూ కాగితాల మీద ఆధారపడతాయి. రోగాలకూ, లోపల గూడుకట్టిన భయానికీ వైద్యులు కావాలి. బడిలో తండ్రి పేరు అడిగినప్పుడు పిల్లవాడు తల దించుకోకుండా చూసుకోవలసింది ఉపాధ్యాయుడు. కేసు వీగిపోకుండా నిలబెట్టవలసింది న్యాయవాది. వీరిలో ఒక్కరు తప్పుకున్నా బయటపడిన స్త్రీ మళ్లీ జోగు బుట్ట ఎత్తుకోవలసి వస్తుంది.

రఘునాథరావు ఏకసభ్య కమిషన్ ఉమ్మడి రాష్ట్రంలో జోగినుల సంఖ్యను సుమారు 80,000గా లెక్కించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో, దళిత, గిరిజన స్త్రీని దేవదాసిగా అంకితం చేయడం అట్రాసిటీ నేరమైంది. మూఢాచారంగా చెలామణి అయినది కుల దౌర్జన్యమేనని చట్టం ఒప్పుకున్నట్టయింది.

చరిత్ర చెప్పే తీర్పు స్పష్టం. ఈ విముక్తి ఎవరో ఒకరు చేసిన దయ కాదు. తాళి తెంచుకున్న స్త్రీ ముందు నడవాలి, తక్కినవారంతా ఆమె వెంట కలిసి నడవాలి. జోగిని బిడ్డ తల్లి పేరును నిండుగా చెప్పుకోగలిగిన రోజే చట్టం నెగ్గినట్టు.