రెండు తాళపుచెవులు

బారామహల్ అని పూర్వము పిలువబడిన మన ధర్మపురి ప్రాంతమున కోటలకు కొదువ లేదు. 1791 నవంబరులో మాక్స్‌వెల్ దొర సేన రాత్రివేళ కృష్ణగిరి దిగువ పేటను పట్టుకొన్నను, కొండమీది దుర్గమును సాధింపలేకపోయినది. అట్టి దుర్గము మరుసటి యేడు శ్రీరంగపట్టణపు సంధిపత్రముతో టిప్పు సుల్తాను చేయి జారినది.

పిమ్మట 1799 వరకు రీడ్ దొర, ఆయన సహాయకుడు మన్రో ఇచట శిస్తు వ్యవహారము నడిపిరి. తరువాత దత్తమండలములలో తెలుగువారి మన్నన పొందిన మన్రోయే ఇతడు. దుర్గముల కాలము గడచి, శిస్తు సొమ్ముండు ఖజానాను కాచుటయే సర్కారునకు ముఖ్యమైనది.

ఖజానాగదికి రెండు తాళములు. వాని చెవులు ఇద్దరు ఉద్యోగుల కడ నుండును. ఏ ఒక్కరును తెరువజాలరు. గది గట్టిదని ఇంజనీరు ధ్రువపత్రము వ్రాయవలెను. ద్వారమున పోలీసు కాపలా.

నేను గుమాస్తాగా నున్న యొక కచేరిలో, నమ్మకస్థుడే గదా యని రెండు చెవులును ఒకరికే అప్పగించిరి. సొమ్ము పోలేదు. కాని తనిఖీనాడు ఆయన ముఖము వెలవెలబోయినది. పైస తగ్గినను, తన నిర్దోషిత్వమునకు సాక్షి యెవరు?

2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి జరిగిన పిదప అచట కట్టుదిట్టములు పెరిగినవి. అయినను 2023లో అదే తేదీన, అనుమతి చీటీలతో వచ్చిన ఇద్దరు సందర్శకుల గ్యాలరీ నుండి సభలోనికి దూకిరి. 2024 మే నెలలో కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింపబడినది.

కావున భద్రతను సమీక్షించు అధికారులు గోడ యెత్తు కొలుచుటకు ముందు, రెండవ తాళపుచెవి యెవరి కడ నున్నదో విచారింపవలెనని నా మనవి.