రణరంగ చౌకు

ఆర్మూరు పసుపు బజారును గురించి మన శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ ధరవరలు విచారించే రైతుకు దూరాననున్న మరొక పసుపు బజారు పేరు కూడా తెలిసే ఉంటుంది. అది గుంటూరు సీమలోని దుగ్గిరాల. ఆ దుగ్గిరాలకు పొరుగు పట్టణం తెనాలి. తెనాలి నడిబొడ్డున, అంగళ్ల సందడి నడుమ, ఏడు స్మారక స్తంభాలు ఉన్నవి. ఆ కూడలిని రణరంగ చౌకు అంటారు.

ఆ పేరు వెనుక ఉన్నది ఒక్క దినపు చరిత్ర.

1942 ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో అఖిల భారత కాంగ్రెసు సంఘం క్విట్ ఇండియా తీర్మానాన్ని ఆమోదించినది. మరునాటి ఉదయానికే గాంధీమహాత్ముడు మొదలైన నాయకులందరు నిర్బంధితులైనారు. దారి చూపవలసినవారు చెరసాలలో ఉండగా, ఏమి చేయవలెనో ఊరూరా ప్రజలే తేల్చుకొనవలసి వచ్చినది. అది యుద్ధకాలం. ఆ ఏప్రిల్ నెలలోనే విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేసినవి. మద్రాసు నుండి బెజవాడకు పోయే రైలుదారి ప్రభుత్వానికి ప్రాణనాడి. తెనాలి ఆ దారిలోనిదే.

ఆగస్టు 12వ తేదీన తెనాలి జనం స్టేషను మీదికి కదలినారు, దానికి నిప్పు పెట్టినారు. పోలీసులు కాల్పులు జరిపినారు. ఏడుగురు నేలకొరిగినారు. మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, భాస్కరుని లక్ష్మీనారాయణ, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య.

అహింస బోధించిన మహాత్ముని పేరు చెప్పుకొని స్టేషను తగులబెట్టవచ్చునా అని అడిగేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని దాచిపెట్టడం చరిత్రకు తగదు. అయితే కాలిన కట్టడాన్ని మరల కట్టుకొనవచ్చును. పోయిన ప్రాణాలు తిరిగి రావు. ఈ రెండు మాటలను కలిపి చెప్పినప్పుడే ఆ దినం మనకు సరిగా అర్థమవుతుంది.

ఆ సంవత్సరం మన ఆర్మూరు నిజాం రాజ్యంలో ఉన్నది. ఇక్కడ స్టేట్ కాంగ్రెసు 1938లోనే నిషేధానికి గురియైనది. మనకు విముక్తి 1948 సెప్టెంబరులో గాని రాలేదు. పాలకులు వేరైనా, భయాన్ని విడిచి బజారులోకి వచ్చిన సామాన్యుని ధైర్యం ఇరుచోట్లా ఒక్కటే.

బజారులో దేనినైనా లెక్కపెట్టడమే వాడుక. అటువంటి చోట ఏడు స్తంభాలను చూచి "ఏడుగురు" అని లెక్క చెప్పి సాగిపోవడం సులభం. పసుపు పని మీద దుగ్గిరాల దాకా పోయే శ్రోతలు తెనాలి చౌకులో ఒక్క నిమిషం ఆగి, ఆ ఏడుగురిని పేరుపేరునా తలచుకొందురుగాక. స్మారకాన్ని నిలిపినందుకు అదే సార్థకత.