గ్లోసోప్టెరిస్

గ్లోసోప్టెరిస్ పెర్మియన్ యుగములో, అనగా సుమారు 29.9 నుండి 25.2 కోట్ల సంవత్సరముల క్రితము, గోండ్వానా మహాఖండముపై పెరిగి అంతరించిన విత్తన మొక్కల ప్రజాతి. గ్రీకులో ఈ పేరుకు 'నాలుక వంటి ఫెర్న్' అని అర్థము. 1828లో అడాల్ఫ్ బ్రోన్యార్ ఈ పేరు పెట్టునాటికి ఆకులే తెలియుటచే దీనిని ఫెర్న్ అనుకొనిరి. విత్తనములను ధరించు భాగములు తరువాత బయటపడినను పేరు మారలేదు.

గోదావరి లోయలో

ప్రాణహిత-గోదావరి లోయలో అడుగునున్న తాల్చేరు శిలలలో హిమానీనదములు మోసుకొచ్చిన గుండ్రాళ్ళు కనిపించును. వాటిపైనున్న బరాకర్ శిలలలో సింగరేణి బొగ్గు పొరలు ఉన్నవి. కార్బోనిఫెరస్ యుగము నాటి హిమయుగము సడలి మంచు తొలగగా, చల్లని చిత్తడి నేలలలో ఈ చెట్లు దట్టముగా పెరిగినవి. వాటి ఆకులు, కొమ్మలు బురదలో కప్పబడి బొగ్గైనవి. పొరల మధ్యనుండు షేలు పలకలపై నాలుకవంటి ఆకు, నడిమి ఈనె, ఇరుప్రక్కల వలవలె అల్లుకొన్న సన్నని ఈనెలు స్పష్టముగా అచ్చుపడియుండును. ఉత్తరాంధ్ర విద్యార్థులు శృంగవరపుకోట కొండలలో వీటిని వెదకుట వృథా. అచటి ఖోండలైటు శిలలు గ్లోసోప్టెరిస్ పుట్టుటకు ఎంతో ముందే భూగర్భమున తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై రూపాంతరము చెందినవి.

1912లో దక్షిణ ధ్రువము నుండి తిరిగివచ్చుచు మరణించిన స్కాట్ బృందము వద్ద దొరకిన సుమారు 16 కిలోల రాళ్ళలోనూ ఈ ఆకులే ఉన్నవి. గోదావరి లోయ, అంటార్కిటికా ఒకనాడు ఒకే భూభాగమనుటకు ఇది బలమైన సాక్ష్యము.

అంతరించుట

ఈ ప్రజాతిని నాశనము చేసినది చలి కాదు, వేడి. పెర్మియన్ చివర సైబీరియా అగ్నిపర్వతములు వెలువరించిన వాయువులతో భూగోళము వేడెక్కినది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ప్రాంతపు శిలలను బట్టి, సముద్రజీవుల మహావినాశనమునకు సుమారు 3.7 లక్షల సంవత్సరముల ముందే అచట గ్లోసోప్టెరిస్ అడవులు కూలిపోయినవి. తరువాతి ట్రయాసిక్ యుగపు తొలిభాగమునకు చెందిన బొగ్గు పొరలు ప్రపంచమున ఎచ్చటను లభించలేదు.