వేల్స్ హార్ప్ సంగీతం

వేల్స్ హార్ప్ సంగీతం బ్రిటన్ దీవి పశ్చిమ భాగాన గల వేల్స్ దేశపు సంప్రదాయ వాద్య సంగీతం. వేల్స్ భాషలో హార్ప్‌ను టెలిన్ అంటారు. పక్కవాద్యాలు లేకుండా, ఒక జానపద బాణీని మొదట ఉన్నదున్నట్లు వాయించి, తరువాత దానినే పలు విధాలుగా విస్తరించడం ఇందలి ప్రధాన పద్ధతి.

వాద్యం

పూర్వపు హార్ప్‌కు తంత్రులు ఒకే వరుసలో ఉండేవి. గుర్రపు వెంట్రుకలతో చేసిన తంత్రులనూ వాడేవారు. మూడు వరుసల హార్ప్ ఇటలీలో రూపొంది, 17వ శతాబ్దంలో లండన్ మీదుగా వేల్స్ చేరింది. తరువాతి శతాబ్దంలో దానికే "వేల్స్ హార్ప్" అను పేరు స్థిరపడింది. దీని వెలుపలి రెండు వరుసలు ఒకే స్వరాలు పలుకుతాయి. మధ్య వరుసలోని స్వరాల కొరకు వాదకుడు వెలుపలి తంత్రుల సందులలో వేలు పెట్టి మీటాలి. రెండు చేతులతో ఒకే స్వరాన్ని వెంటవెంటనే పలికించడం వలన కలిగే మెరుపు ఒకే వరుస గల హార్ప్‌లో సాధ్యం కాదు. వాద్యాన్ని ఎడమ భుజానికి ఆనించుకొనడం వేల్స్ ఆచారం.

బాణీలు

రాబర్ట్ అప్ హ్యూ సుమారు 1613లో వ్రాసిన ప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందలి సంకేతాలను ఎలా వాయించాలనే విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అంధుడైన జాన్ ప్యారీ, ఇవాన్ విలియమ్స్‌తో కలిసి 1742లో బాణీల సంపుటిని ప్రచురించాడు.

బాణీలకు ఊళ్ళ పేర్లు, పొలాల పేర్లు ఉండటం సాధారణం. "తెల్లరాతి డేవిడ్" అను బాణీలోని తెల్లరాయి, 1741లో పిన్న వయసులో మరణించిన హార్ప్ వాదకుడు డేవిడ్ ఓవెన్ నివసించిన పొలం పేరు. మరణశయ్యపై ఆయనే దీనిని కూర్చాడని జనశ్రుతి. "అబర్డవీ గంటలు" అను పాటను సముద్రంలో మునిగిన రాజ్యపు కథతో ముడిపెడతారు. అయితే ఆ పాట 1785 నాటి లండన్ రంగస్థల రచనలో ఉన్నది కనుక, ప్రతి బాణీనీ ప్రాచీనమని భావించరాదు.

క్షీణత, పునరుద్ధరణ

మెథడిస్టు మతోద్యమం నాట్యాన్ని, దానితోపాటు హార్ప్‌ను నిరసించింది. 19వ శతాబ్దంలో పెడల్ హార్ప్ వ్యాపించింది. జాన్ థామస్ (1826–1913) వేల్స్ బాణీలను పెడల్ హార్ప్‌కే అనువుగా కూర్చాడు. అవి కచేరీలకు చక్కగా అమరినవే గాని, వాటిలో వినిపించేది పల్లెల వాదన శైలి కాదు. ఆ శైలిని ప్రధానంగా నిలిపినవారు ఏబ్రామ్ వుడ్ సంతతికి చెందిన రోమా కుటుంబాలవారు. 20వ శతాబ్దంలో మూడు వరుసల హార్ప్‌ను కాపాడిన ఘనత అధికభాగం నాన్సీ రిచర్డ్స్ (1888–1979)కు దక్కుతుంది. ఆమె శిష్యురాలు హ్లియో రదెర్ఖ్ 2002లో వెలువరించిన ఆల్బమ్‌కు, వేల్స్ వాయవ్య తీరానికి ఆవల యాత్రాస్థలంగా ప్రసిద్ధికెక్కిన ఎన్‌హ్లీ ద్వీపం పేరే పెట్టింది.